మూడో అంతస్తు నిశ్శబ్దం

చివరి పలక కూడా గోడకు అంటించి తనూజ నిచ్చెన దిగింది. పడకగది నాలుగు గోడలూ, పైకప్పూ, తలుపు లోపలివైపూ బూడిదరంగు పొర కింద దాగిపోయాయి. చూడడానికి తడిసిన సిమెంటులా ఉంది. ముట్టుకుంటే పిల్లి వీపులా మెత్తగా తగిలింది.

కింద ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. పక్క ఫ్లాట్‌లో టీవీ సీరియల్. వీధిలో స్కూటర్ల హారన్లు, స్టేషన్ వైపు నుంచి ఇంజను కూత. విజయవాడలో సాయంత్రం పూట ఏ అపార్ట్‌మెంటులోనైనా వినిపించే చప్పుళ్ళే అవి. మిగతావాళ్ళకి అవి ఎక్కడో వెనకాల పడి ఉంటాయి. తనూజకి వెనకా ముందూ ఉండవు. అన్నీ ఒకేసారి వస్తాయి, అన్నీ చెవికి ఆనించి మోగించినట్టే వస్తాయి. మిక్సీ పళ్ళలోకి దిగుతుంది. ట్యూబ్‌లైటు గుయ్యిమంటుంటే ఎదుటివాళ్ళ మాట సగంలోనే విరిగిపోతుంది.

ఆమెకు ముప్ఫై మూడేళ్ళు. తనది ఆటిజం అని తెలిసి నాలుగేళ్ళే అయింది. అంతకుముందు ఆమెకి వేరే పేర్లుండేవి. పెంకిది, పొగరుబోతు, నాటకాలాడుతోంది. పెళ్ళిళ్ళలో బాజాలు మొదలవగానే బాత్‌రూములో దూరి గడియ పెట్టుకునేది. వాళ్ళమ్మ తలుపు బాది బయటికి లాగి, "ఏముందే అక్కడ? ఏమీ లేదు. నీకే అలా అనిపిస్తోంది" అనేది. చెంపదెబ్బల కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పించేది.

పెద్దయ్యాక తన ఉపాయాలు తనే వెతుక్కుంది. చెవులకు ఇయర్ మఫ్‌లు, కిటికీలకు నల్లటి పరదాలు, ఒంటిమీద బరువైన బొంత. కూరగాయలకి వెళ్ళాలంటే బజారు పూర్తిగా తెరవకముందే వెళ్ళి వచ్చేసేది. అయినా ఏదో ఒక రోజు ఏదో ఒక మోత వీటన్నిటినీ దాటుకుని లోపలికి వచ్చేది. అప్పుడు మాట పోయేది. నేలమీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూ అది దాటిపోయేదాకా ఆగడం తప్ప చేయగలిగిందేమీ ఉండేది కాదు.

ఫోన్ తీసి, పొరకి కరెంటు వదిలే బటన్ నొక్కింది.

మిక్సీ ఆగిపోయింది. టీవీ ఆగిపోయింది. ఊరు ఊరంతా ఎవరో ఎత్తి దూరంగా పెట్టినట్టయింది. తనూజ ఊపిరి తనకే వినిపించింది. మంచం అంచున కూర్చుని ఆ ఊపిరిని చాలాసేపు విన్నది. తర్వాత ఎప్పుడు పడుకుందో ఆమెకే తెలియదు. లేచేసరికి తెల్లవారి ఎండ పరదా అంచుల్లోంచి లోపలికి వస్తోంది.

*

ల్యాబ్‌లో అందరూ దాన్ని దుప్పటి అనేవారు. ఆ ఆలోచన తనూజది. దానికి జాగా, డబ్బు, మనుషులు చూసిపెట్టినవాడు ల్యాబ్ పెద్ద సుదర్శనం. వెంట్రుక కన్నా సన్నని పోగులతో నేసిన పొర అది. కరెంటు పారుతున్నంతసేపూ ఆ పోగులు తమను తాకిన ప్రతి చప్పుడినీ పట్టుకుంటాయి, తిరిగి వదలవు. పట్టుకున్న చప్పుడు వేడిగా మారి గోడలో ఇంకిపోవాలి.

ఇంకిపోవాలి గానీ, రావలసినంత వేడి రావడం లేదు. పరీక్షించిన ప్రతిసారీ కొంత తగ్గేది. ఆ తగ్గిన భాగం ఎక్కడికి పోతోందో తెలియలేదు.

"ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు పాతవి సార్. తేడా వాటిదే అయ్యుంటుంది" అని అప్పట్లో తనూజే అంది.

సుదర్శనం అడ్డు చెప్పలేదు. ఆయన కూతురు కిన్నెరకి ఇరవై రెండేళ్ళు. మాటలు రావు. వీధిలో ఊరేగింపు వచ్చిందంటే రెండు చేతులతో చెవుల మీద రక్తం వచ్చేలా కొట్టుకునేది. పొరకి మొదటి పరీక్ష ఆ పిల్ల గదిలోనే జరిగింది. మర్నాడు ఆయన ల్యాబ్‌కి వచ్చి, బ్యాగు బల్లమీద పెట్టి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు.

"రాత్రంతా పడుకుందమ్మా. మా ఆవిడ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది."

తర్వాత ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. ఆ రోజు నుంచి సెన్సర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. తనూజ కూడా ఎత్తలేదు. పొర తన ఇంట్లో వేయించుకుంటానని ఆమె అడిగితే, రెండో పరీక్ష అక్కడే అని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

*

నెల తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున కింది ఫ్లాట్ సామ్రాజ్యం పైకి వచ్చింది. ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పిల్లలకి చెప్పే టీచరు. లిఫ్టులో కనిపిస్తే ముందు తనే పలకరించే మనిషి. ఆ రోజు గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ళ కింద నల్లటి వలయాలు.

"అమ్మాయ్, మీ ఇంట్లో ఏవన్నా మోటార్ లాంటిది పెట్టావా?"

"లేదండీ."

"మరేంటో మరి. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది. కడుపులో తిప్పుతోంది. చప్పుడా అంటే చప్పుడు కాదు. ఒళ్ళంతా అదురుతున్నట్టు. మా ఆయనకీ, అత్తయ్యకీ ఏం తెలీట్లేదంట. నాకొక్కదానికే."

తనూజ లోపలికి వెళ్ళి శబ్దం కొలిచే మీటరు తెచ్చింది. ఇద్దరూ కిందికి దిగారు. హాల్లో సామ్రాజ్యం భర్త పూర్ణచంద్రరావు పేపరు చదువుతున్నాడు. ఆటోనగర్‌లో ఆయనకి స్పేర్‌పార్టుల షాపుంది. అత్తగారు టీవీ ముందు కూర్చుని ఉంది. తనూజ పడకగదిలోకి వెళ్ళి మీటరు పైకెత్తి పట్టుకుంది. అంకెలు తక్కువగానే ఉన్నాయి.

"చూడండి. మామూలు ఇళ్ళకన్నా మీ గదిలో చప్పుడు తక్కువే ఉంది."

"మరి ఇదంతా ఏంటమ్మా?"

"శబ్దం అయితే ఏమీ లేదండీ. మీకే అలా అనిపిస్తోందేమో."

పూర్ణచంద్రరావు పేపరు పక్కన పెట్టాడు. "విన్నావా? నేనంటే వినవు. ఆ అమ్మాయి ఇదే చదువు చదువుకుంది, మిషన్ పెట్టి మరీ చెబుతోంది."

సామ్రాజ్యం మీటరు వైపు చూసి, తలుపు తీసి పట్టుకుంది, తనూజ వెళ్ళడానికి.

మెట్లెక్కుతుంటే తనూజకి తను అన్న మాట మళ్ళీ వినిపించింది. అది ఎవరి మాటో గుర్తుపట్టింది. ఇంకొక సంగతి కూడా ఆమెకు తెలుసు. ఆ మీటరు మనిషి చెవికి అందే శబ్దాన్నే కొలుస్తుంది. చెవికి అందనంత మంద్రంగా ఉండే అదురు దానికి తెలియదు. ఆ సంగతి కింద చెప్పలేదు. చెబితే దాన్ని కొలవాల్సి వస్తుంది, కొలిస్తే ఏం తేలుతుందో ఆమె మనసులో ఎక్కడో అప్పటికే తట్టింది. గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. నిశ్శబ్దం వచ్చి చుట్టుకుంది. ఆలోచించడం మానేసింది.

*

ఆ తర్వాత కొన్నాళ్ళకి లిఫ్టులో పూర్ణచంద్రరావు కనిపించాడు. చేతిలో మందుల షాపు సంచీ.

"ఆవిడకెలా ఉందండీ?" అని అడిగింది తనూజ.

"ఏం చెప్పమంటారు? స్కూల్లో నిలబడి చెబుతూ చెబుతూ ఏడ్చేసిందట. వాళ్ళు కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు. మీరొచ్చి చూసి ఏమీ లేదన్నారు కదా, ఇంక నేనూ తాత్సారం చెయ్యలేదు. మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. మాత్రలిచ్చారు. మగతగా ఉంటోంది. నిన్న గంజి వార్చబోయి చేతిమీద ఒంపేసుకుంది. మోచేతి దాకా పొక్కులు."

లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. "ఏదేమైనా, ఆ రోజు మీరు చెప్పబట్టి నాకు దారి తెలిసిందమ్మా" అని ఆయన దిగిపోయాడు.

తనూజ మూడో అంతస్తులో దిగలేదు. లిఫ్టులోనే కిందికి వెళ్ళి, తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళింది. భూమి అదురుని కొలిచే సెన్సర్ ఒకటి అక్కడ ఉంది. దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. పడకగది నేలమీద పెట్టింది, గోడ వారగా ఉన్న స్తంభానికి ఆనించింది. పొర ఆన్ చేసింది. గీత లేచింది. ఆపింది. గీత పడిపోయింది. మళ్ళీ ఆన్ చేసింది.

కనిపించకుండా పోతున్న ఆ కాస్త వేడి ఇక్కడుంది. పొర పట్టుకున్న చప్పుళ్ళన్నీ వేడి కావడం లేదు. కొన్ని మంద్రమైన అదురుగా మారి, స్తంభంలోంచి దిగి, కింది గది కప్పులో తేలుతున్నాయి. ఆ అదురు కొందరి ఒంటికి తగులుతుంది, కొందరికి తగలదు. వీధిలోని ప్రతి హారనూ, ప్రతి మిక్సీ మోతా తన గదిలో మాయమై, సామ్రాజ్యం గుండెల మీదికి వెళ్ళి కూర్చుంటున్నాయి.

పొర ఆపేసి, బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చుంది. అప్పుడే వీధి చివర పందిట్లో డీజే మొదలైంది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఒళ్ళంతా బిగుసుకుపోయింది. రేపు ఆపేస్తాను, ఈ ఒక్క రాత్రికి, అనుకుంది. పొర ఆన్ చేసే పడుకుంది. హాయిగా నిద్ర పట్టింది.

*

పొద్దున్నే ఆపేసింది. మళ్ళీ ఆన్ చేయలేదు. సుదర్శనం దగ్గరికి వెళ్ళి సెన్సర్ గీతలు ఆయన ముందు పెట్టింది. ఆయన వాటిని తిరగేసి, మరగేసి చూశాడు.

"నువ్వు ఆపేశావుగా?"

"ఆపేశాను సార్."

"ఆవిడకి తగ్గుతుందిగా మరి. మనం దీన్ని సరిచేద్దాం. స్తంభాలకి అడుగున ఏదైనా మెత్త వేద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పాల్సిన పనేముంది?"

"మీ ఇంట్లో కూడా ఆపాలి సార్."

"మాది సొంతిల్లు తనూజా. కింద ఎవరూ లేరు."

"పక్కిల్లు ఉందిగా సార్. గోడా గోడా కలిసే ఉంది."

ఆయన ముఖం ఎర్రబడింది. "నీకు తెలియనిదా? ఆ పిల్లకి అదెలా ఉంటుందో నాకన్నా నీకే బాగా తెలుసు. నువ్వే వచ్చి ఆపమంటావా?"

తనూజ చేతివేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటూ నిలబడింది. "నాకు తెలుసు సార్. అందుకే నేను అడగలేదు, కొలవలేదు. నాకు బావుంది కదా అని ఊరుకున్నాను" అంది చివరికి.

సుదర్శనం ఆ రోజు ఏమీ తేల్చలేదు.

వారం గడిచింది. ఆ వారమంతా తనూజ చెవులకు మఫ్‌లు పెట్టుకుని, బొంత కప్పుకుని, బట్టల అలమారాకీ గోడకీ మధ్య సందులో కూర్చునే గడిపింది. పొర లేని ఇంటికి ఆమె ఒళ్ళు అలవాటు తప్పింది. ఇదివరకు ఎలాగో ఓర్చుకున్న చప్పుళ్ళు కూడా ఇప్పుడు ఓర్చుకోలేకపోతోంది. అయినా కిందావిడ పడుకుంటోంది కదా అని తనకు తాను చెప్పుకుంది.

అప్పుడు మెట్ల దగ్గర సామ్రాజ్యం అత్తగారు ఎదురైంది. ముసలావిడ ముఖం విప్పారి ఉంది.

"మా కోడలికి నిమ్మళించిందమ్మా. ఆ మాత్రలు బాగా పనిచేశాయి. డాక్టరుగారు ఏళ్ళ తరబడి వాడాలన్నారు. పోనీలే, బుర్ర కుదుటపడింది, అదే చాలు. ఉద్యోగం మాన్పించేస్తున్నాం."

తనూజ మెట్టు మీదే ఆగిపోయింది. తను నోరు మూసుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తన తప్పు ఇంకొకరి పిచ్చిగా మిగిలిపోతుంది, అంతే.

*

సాయంత్రం కింది ఫ్లాట్ బెల్లు కొట్టింది. సామ్రాజ్యం తలుపు తీసింది. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. కళ్ళు మందుల మత్తులో వాలిపోతున్నాయి. తనూజ గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేసింది. పొర సంగతి, అదురు సంగతి, మీటరుకి అది తెలియదన్న సంగతి.

సామ్రాజ్యం అంతా విన్నాక, "నాకు చెప్పడం కాదు. లోపలికొచ్చి వాళ్ళ ముందు చెప్పు" అంది.

లోపల టీవీ మోగుతోంది. వంటింట్లో కుక్కర్ కూత పెడుతోంది. కొట్టుకుంటున్న ట్యూబ్‌లైటు, పోపు ఘాటు, ఫ్యాను కిర్రుకిర్రు. తనూజ గోడకి వీపు ఆనించి, చూపు నేలమీద పెట్టి మాట్లాడింది. మాట కొన్నిచోట్ల తెగిపోయింది, మళ్ళీ వెతుక్కుని అతికించుకుంది.

పూర్ణచంద్రరావు నమ్మలేదు. "చప్పుడే లేదన్నారు. ఇప్పుడు వినపడని చప్పుడంటున్నారు. ఆవిడ మిమ్మల్ని బతిమాలిందా ఇలా చెప్పమని?"

"పళ్ళెంలో నీళ్ళు పోసి ఆ గదిలో కింద పెట్టండి" అంది తనూజ. సామ్రాజ్యం వైపు తిరిగింది. "మళ్ళీ ఒకసారి ఆన్ చేయాలి. మీకు బాధగా ఉంటుంది. మీరు ఒప్పుకుంటేనే."

"చెయ్యి" అంది సామ్రాజ్యం. "వీళ్ళు చూడాలి."

పడకగది నేలమీద వెడల్పాటి స్టీలు పళ్ళెం పెట్టారు. నీళ్ళలో లైటు నీడ కదలకుండా ఉంది. సామ్రాజ్యం పళ్ళేనికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి మంచం మీద కూర్చుంది. తనూజ ఫోన్‌లో బటన్ నొక్కింది.

నీళ్ళ మీద సన్నటి వణుకు పుట్టింది. లైటు నీడ గీతలు గీతలుగా చీలిపోయింది.

"వచ్చింది" అంది సామ్రాజ్యం, వెనక్కి తిరగకుండానే.

తనూజ ఆపింది. నీళ్ళు నిలిచాయి.

"పోయింది."

పూర్ణచంద్రరావు ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాడు. తనే నొక్కాడు. నొక్కకుండానే నొక్కానన్నాడు. రెండుసార్లు వెంటవెంటనే నొక్కాడు. ప్రతిసారీ గోడవైపు నుంచి ఆ గొంతు సరిగ్గా చెప్పింది. ఉంది. లేదు. లేదు. వచ్చింది. చివరిసారి చెబుతూ ఆవిడ మంచం అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన ఆపేసి ఫోన్ మంచం మీద పడేశాడు.

"చాల్లే సామ్రాజ్యం. ఇటు తిరుగు" అన్నాడు. ఆవిడ తిరగలేదు. అత్తగారు గుమ్మం దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది సామ్రాజ్యం, ఇంకా గోడవైపే చూస్తూ.

తనూజకి అబద్ధం చెప్పడం రాదు. "మీ చెయ్యి కాలిందని తెలిసిన రోజే."

"అదే రోజు ఆపేశావా?"

"లేదండీ. మర్నాడు ఆపాను. ఆ రాత్రి ఆన్‌లోనే ఉంచుకున్నాను."

"ఎందుకు?"

"నాకు నిద్ర కావాలని."

హాల్లో టీవీ ఇంకా అరుస్తోంది. కుక్కర్ మళ్ళీ కూత వేసింది. తనూజకి ఆ కూత పుర్రెలోంచి దూసుకుపోయినట్టయింది. గోడవారనే కూలబడి, చెవులు మూసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఇంత జరిగాక వాళ్ళ ముందు ఇలా అయిపోవడం, జాలి కోసం చేస్తున్నట్టు కనబడడం, అన్నిటికన్నా సిగ్గుగా ఉంది. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు.

సామ్రాజ్యం లేచి వెళ్ళి టీవీ కట్టేసింది. స్టవ్ కట్టేసింది. లైటు ఆర్పేసింది. తనూజని ముట్టుకోలేదు. అది తగ్గేదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

*

ల్యాబ్‌లో పరీక్షలు ఆపేశారు. సుదర్శనం తన ఇంటి గోడల మీది పొరని తనే ఊడబెరికాడు. తర్వాత నాలుగు రోజులు సెలవు పెట్టాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన ముంజేతుల నిండా గోళ్ళ గీతలు. "మళ్ళీ మొదలైంది" అన్నాడు. తనూజ ఆ చేతుల వైపు చూడలేకపోయింది. ఒక ఇంటికి చేసిన న్యాయం ఇంకొక ఇంట్లో ఒక పిల్ల చెవుల మీద పడింది. రెండిటి మధ్యా నిలబడ్డది తనే. పొరని సరిచేసే పనిలో ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు. ఈసారి భూమి అదురుని కొలిచే సెన్సర్‌తోనే మొదలుపెట్టారు. ఎప్పటికి అవుతుందో ఇద్దరికీ తెలియదు.

సామ్రాజ్యం మాత్రలు డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించాడు. పూర్ణచంద్రరావు స్కూలుకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. వాళ్ళు చూద్దామన్నారు, ఇంకా పిలవలేదు. చేతిమీద మచ్చ మిగిలింది. ఏ అదురూ లేని రోజుల్లో కూడా ఆవిడ ఒక్కోసారి ఉలిక్కిపడి లేచి, పళ్ళెంలో నీళ్ళు పోసి చూసుకుంటుందని అత్తగారే తనూజకి చెప్పింది. చెప్పి, "నీ మీద కోపంతో అనడం లేదమ్మా" అని కూడా అంది. కోపంతో అన్నా బాగుండేదని తనూజకి అనిపించింది.

ఒక మధ్యాహ్నం తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొట్టిన చప్పుడైంది. బెల్లు కొట్టలేదు. తనూజ చెవి మఫ్‌లు మెడమీదికి దించుకుని తలుపు తీసింది. సామ్రాజ్యం.

"శుక్రవారం మా ఇంట్లో వ్రతం" అంది. గొంతు తగ్గించే మాట్లాడుతోంది. "మైకు వద్దన్నాను. కానీ చుట్టాలొస్తారు, పిల్లలొస్తారు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా గోలగానే ఉంటుంది. ముందే తెలిస్తే ఎక్కడికైనా వెళ్తావో, ఏం చేసుకుంటావో చేసుకుంటావని."

తనూజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సామ్రాజ్యం అది చూసి ముఖం పక్కకి తిప్పుకుంది.

"నిన్ను క్షమించేశానని అనుకోకు. ఆ ఒక్క రాత్రి నాకింకా మింగుడు పడలేదు. అది ఒంటిమీదికి వస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసీ చెప్పకుండా ఊరుకోలేకపోయాను, అంతే."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు వినిపించకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది.